కాల్ ఒక దారిన, అడ్రస్ ఒక దారిన: అమెరికా 911 నిబంధనలు ఎందుకు మారుతున్నాయి

అమెరికాలో పోలీసు, ఫైర్, అంబులెన్స్ అన్నిటికీ ఒకే అత్యవసర నంబర్ 911. ఆ కాల్స్ అందుకునే చాలా సెంటర్లలో ఫోన్ ఎత్తగానే మొదట అడిగేది అడ్రస్. ఏం జరిగిందన్నది ఆ తర్వాత. లైను మధ్యలో తెగిపోయినా, మాట్లాడుతున్న మనిషి స్పృహ తప్పినా, ఎక్కడికి వెళ్లాలో తెలిస్తే బండి పంపొచ్చు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి, చోటు చెప్పలేకపోతే అవతలివాళ్లు చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

అక్కడికి కొత్తగా వెళ్లిన మనవాళ్లకు ఇది వింతగా ఉంటుంది. క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్ నేరుగా మన గేటు ముందుకే వస్తాడు. మరి ప్రాణం మీదికి వచ్చి, అదే ఫోన్ నుంచి 911 కొడితే "మీరెక్కడున్నారు?" అని అడగడమేంటి? అంత పెద్ద దేశంలో ఆ మాత్రం టెక్నాలజీ లేదా?

టెక్నాలజీ ఉంది. లోపం కాల్‌ను మోసుకెళ్లే పాత ఏర్పాటులో ఉంది. అంతకన్నా ఎక్కువగా, ఆ ఏర్పాటులో ఎవరి బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఏళ్ల తరబడి తేల్చకపోవడంలో ఉంది. అమెరికాలో టెలికాం రంగాన్ని నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, 2024లో తెచ్చిన రెండు నిబంధనలు ఈ చిక్కుముడి మీదే. వార్తల్లో వీటికి పెద్దగా చోటు దక్కలేదు. కానీ డల్లాస్‌లో ఉంటున్న కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రుల నుంచి, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న స్టూడెంట్ల దాకా అందరికీ తగిలే సంగతి ఇది.

ల్యాండ్‌లైన్ కాలం నాటి పునాది

మొదటి 911 కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామా రాష్ట్రంలోని హేలీవిల్ అనే చిన్న ఊళ్లో మోగింది. రాష్ట్ర ప్రతినిధుల సభ స్పీకర్ ర్యాంకిన్ ఫైట్ ఫోన్ చేస్తే, పోలీస్ స్టేషన్‌లో అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడు టామ్ బెవిల్ ఎత్తారు. దేశమంతటికీ ఒకే నంబర్ ఉండాలని అంతకు ముందు ఏడాదే ఒక ప్రెసిడెన్షియల్ కమిషన్ సిఫారసు చేసింది. అయితే చట్టం 911ను జాతీయ అత్యవసర నంబర్‌గా ప్రకటించింది 1999లో. ఈ ముప్పై ఏళ్లలో ఊరూరా, కౌంటీ కౌంటీగా (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఎవరికి వీలైనప్పుడు వాళ్లు, ఎవరి దగ్గర ఎంత డబ్బుంటే అంతలో 911 సెంటర్లు పెట్టుకున్నారు. ఇవాళ దేశంలో 5,700కు పైగా ఉన్నాయి. కొన్ని షెరీఫ్ ఆఫీసు కింద, కొన్ని సిటీ పోలీసుల కింద, కొన్ని నాలుగైదు ఊళ్లు కలిసి నడిపేవి. తర్వాత వచ్చిన చిక్కులన్నిటికీ మూలం ఇక్కడే ఉంది, ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ల్యాండ్‌లైన్ రోజుల్లో పని సులువు. ప్రతి నంబర్‌కీ ఒక గోడ, ఆ గోడకి ఒక అడ్రస్. 911 కొడితే టెలిఫోన్ ఎక్స్చేంజ్ ఆ కాల్‌ను సెలెక్టివ్ రౌటర్ అనే ప్రత్యేక స్విచ్‌కి పంపేది. అది నంబర్ చూసి ఏ సెంటర్‌కి చెందుతుందో తేల్చి అటు తిప్పేది. సెంటర్‌లో ఫోన్ ఎత్తగానే అక్కడి కంప్యూటర్ ఆ నంబర్‌ను పట్టుకుని విడిగా ఒక డేటాబేస్‌ను అడిగితే అడ్రస్ తెర మీదికొచ్చేది. మాట ఒక దారిన వచ్చింది, అడ్రస్ ఇంకో దారిన వచ్చింది. ఫోన్ గోడకే ఉన్నంతకాలం ఆ రెండూ ఒకదానికొకటి సరిపోయేవి.

మొబైల్ వచ్చాక నంబర్‌కీ చోటుకీ సంబంధం తెగిపోయింది. ఎఫ్‌సీసీ 1996లో మొదటి నిబంధన పెట్టింది. మొదటి దశలో ఫోన్ చేసినవాళ్ల నంబర్, కాల్ అందుకున్న టవర్ వివరం పంపాలి. రెండో దశలో అక్షాంశ రేఖాంశాలు పంపాలి. వాడే పద్ధతిని బట్టి 50 నుంచి 300 మీటర్ల మధ్య కచ్చితత్వం సరిపోతుందని 1999లో తేల్చారు. హైవే మీద కారు పాడైతే 300 మీటర్లు పెద్ద లెక్క కాదు. కిక్కిరిసిన అపార్ట్‌మెంట్ల మధ్య 300 మీటర్లంటే కొన్ని వందల తలుపులు. అందుకే 2015లో దాన్ని బిగించారు: 2021 నాటికి పెద్ద కంపెనీలు 80 శాతం కాల్స్‌కి 50 మీటర్ల లోపు చోటు చెప్పగలగాలి.

ఇంత బిగించినా దారులు రెండుగానే మిగిలిపోయాయి. కాల్ ఎత్తి సిబ్బందిని పంపే డిస్పాచర్ తెర మీద తరచుగా మొదట పడేది టవర్ అడ్రస్. అసలు లొకేషన్ వెనకాల వస్తుంది. దానికోసం ఆవిడ "రీబిడ్" అనే మీట నొక్కి మళ్లీ అడగాలి. అటువైపు మనిషి ఏడుస్తుంటాడు, ఈవిడ మాట్లాడుతూనే కొన్ని సెకన్లకోసారి ఆ మీట నొక్కుతూ, చుక్క మ్యాప్ మీద కదులుతుందా లేదా అని చూస్తుంటుంది. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇది రోజువారీ పని.

తప్పు సెంటర్‌కి వెళ్లిన కాల్

ఇంకో చిక్కు కూడా ఉంది, ఇది బయటివాళ్లకు అంత తేలిగ్గా కనపడదు. మొబైల్ కాల్ ఏ సెంటర్‌కి వెళ్లాలో తేల్చేది చాలాకాలం పాటు టవరే. ఫలానా టవర్ ఫలానా వైపున పట్టిన కాల్స్ అన్నీ ఫలానా కౌంటీకి అని ముందే రాసిపెట్టి ఉంటుంది. టవర్ సిగ్నల్‌కి కౌంటీ సరిహద్దు తెలియదు కదా. పక్క కౌంటీలో ఉన్న మనిషి ఈ టవర్‌కి తగిలితే కాల్ ఈ కౌంటీకే వస్తుంది.

2014 డిసెంబర్ చివర్లో జార్జియాలో, అట్లాంటాకి ఉత్తరాన, తెల్లవారకముందే ఇంటింటికీ పేపర్లు వేసే పనిలో ఉన్న ఒక యువతి కారు రోడ్డు దిగి చెరువులో పడింది. కారు మునుగుతుండగానే 911 కొట్టింది. ఎక్కడుందో ఆమెకు తెలుసు. వీధి పేరు, పక్కనున్న రోడ్డు పేరు స్పష్టంగా చెప్పింది, మళ్లీ మళ్లీ చెప్పింది. కానీ టవర్ ఆ కాల్‌ను పక్క కౌంటీలోని సెంటర్‌కి పంపింది. అక్కడి మ్యాప్‌లో ఆ వీధి లేదు. డిస్పాచర్ వెతుకుతూనే ఉంది. దాదాపు ఇరవై నిమిషాల తర్వాత ఆమెను నీళ్లలోంచి బయటికి తీశారు. కొన్ని రోజుల తర్వాత ఆసుపత్రిలో చనిపోయింది.

ఆ రికార్డింగ్ బయటికొచ్చాక దేశమంతా విన్నది. ఫోన్ చేసినామె తప్పు లేదు, ఎత్తినామె నిర్లక్ష్యం లేదు, టవర్ కూడా తనకు రాసిపెట్టినట్టే పని చేసింది. ఎవరి పని వాళ్లు సరిగ్గా చేసినా మనిషి పోయింది. ఇలాంటి చావును ఆపాలంటే నియమమే మారాలి.

ఎఫ్‌సీసీ 2024 జనవరిలో తెచ్చిన నిబంధన దీని గురించే. కాల్‌ను టవర్ చెప్పిన చోటికి పంపొద్దు, ఫోన్ ఉన్న చోటును బట్టి పంపాలి అన్నది దాని సారం. ఫోన్ చెప్పే లొకేషన్ 90 శాతం నమ్మకంతో 165 మీటర్ల వ్యాసార్ధమున్న వృత్తంలోపు తేలితే దాని ప్రకారమే సెంటర్‌ను ఎంచుకోవాలి. అలా తేలకపోతే మాత్రమే పాత టవర్ పద్ధతి. దేశవ్యాప్త కంపెనీలకు ఆరు నెలలు, చిన్న కంపెనీలకు రెండేళ్లు గడువు ఇచ్చారు. దీనికి కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. ఏటీ అండ్ టీ 2022లోనే తన నెట్‌వర్క్‌లో దీన్ని దేశమంతటా మొదలుపెట్టింది. ఒక కంపెనీ సిమ్ ఉన్నవాడి కాల్ సరైన చోటికి, ఇంకో కంపెనీ సిమ్ ఉన్నవాడి కాల్ పక్క కౌంటీకి వెళ్లే పరిస్థితి ఉండకూడదు. అందరి మీదా ఒకే రూల్ పెట్టడం ప్రభుత్వం మాత్రమే చేయగల పని, అది చేయడానికి జార్జియా ఘటన తర్వాత కూడా తొమ్మిదేళ్లు పట్టింది.

ఏ అంతస్తు? ఏ తలుపు?

నేల మీద చోటు తేలినా ఎత్తు తేలదు. 2019లో ఎఫ్‌సీసీ దానికీ లెక్క పెట్టింది: 80 శాతం కాల్స్‌కి పైకీ కిందికీ 3 మీటర్ల తేడాలో ఎత్తు చెప్పాలి. 3 మీటర్లంటే సుమారు ఒక అంతస్తు, వినడానికి బాగానే ఉంది. తీరా చూస్తే ఆ ఎత్తును కొలిచేది నేల మీద నుంచి కాదు. జీపీఎస్ కోసం భూమిని ఒక నున్నటి గణిత ఆకారంగా ఊహించుకుంటారు, ఆ ఊహా ఉపరితలం నుంచి కొలుస్తారు. డిస్పాచర్‌కి "ఐదో అంతస్తు" అని కనిపించదు, ఏదో ఒక మీటర్ల అంకె కనిపిస్తుంది. ఆ భవనం నేల ఏ ఎత్తులో ఉందో తెలిస్తే తప్ప ఆ అంకెతో ఫైర్ సిబ్బంది ఏం చేస్తారు? మెట్ల దగ్గర నిలబడి లెక్కలు వేయలేరు కదా. నేల నుంచి ఎత్తును చెప్పేలా మార్చాలని ఎఫ్‌సీసీ 2025 మార్చిలో ప్రతిపాదించింది. ఈలోపు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు ఫోన్‌ను నమ్ముకోకుండా అంతస్తు, ఫ్లాట్ నంబర్ నోటితో చెప్పడమే మంచిది.

హోటళ్లు, ఆఫీసుల సంగతి ఇంకో రకం. 2013 డిసెంబర్‌లో టెక్సస్‌లోని మార్షల్ పట్టణంలో ఒక హోటల్ గదిలో ఒక తల్లి మీద దాడి జరుగుతుంటే, తొమ్మిదేళ్ల కూతురు గదిలో ఫోన్ అందుకుని నాలుగుసార్లు 911 కొట్టింది. బయటి లైనుకి ముందు 9 నొక్కాలని ఆ పసిదానికి తెలియదు. ఒక్క కాల్ కూడా బయటికి వెళ్లలేదు. తల్లి చనిపోయింది. 911 నొక్కాలని పెద్దలు నేర్పింది నేర్పినట్టే చేసింది ఆ పిల్ల. 2018లో ఆమె తల్లి పేరిట కారీస్ లా వచ్చింది. 2020 ఫిబ్రవరి 16 తర్వాత తయారైన, అమ్మిన, బిగించిన హోటల్, ఆఫీసు ఫోన్ సిస్టమ్‌లన్నిటిలో ముందు ఏ అంకే నొక్కకుండా 911 నేరుగా కలవాలి, ఆ కాల్ వెళ్లినట్టు ఫ్రంట్ డెస్క్‌కో సెక్యూరిటీకో తెలియాలి. అదే ఏడాది వచ్చిన రే బామ్స్ యాక్ట్ ప్రకారం భవనం అడ్రస్ ఒక్కటే చాలదు, ఏ అంతస్తు, ఏ గది అన్నది కూడా కాల్‌తో పాటు వెళ్లాలి.

మన ఇళ్లకు సూటిగా తగిలే ముక్క ఒకటి ఇక్కడ చెప్పాలి. ఇండియాకు తనివితీరా మాట్లాడుకోడానికి చాలా తెలుగు ఇళ్లలో ఇంటర్నెట్ ఫోన్ బాక్సులు పెట్టుకున్నారు, ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ఆ ఫోన్‌కి తనెక్కడుందో తెలియదు. కనెక్షన్ తీసుకున్నప్పుడు మీరు రాసిచ్చిన అడ్రసే దానికి తెలిసిన చోటు. ఇల్లు మారినప్పుడు బాక్స్‌ను సూట్‌కేస్‌లో పెట్టుకుని కొత్త ఊరికి తీసుకెళ్లి తగిలిస్తే మాటలు బాగానే కలుస్తాయి. 911 కొడితే మాత్రం పాత ఊరికి వెళ్తుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో అడ్రస్ మార్చడం ఐదు నిమిషాల పని, ఈ వ్యాసం మూసేలోపు చేసేయండి.

రెండు దారులను ఒకటి చేసే నిబంధన

పైన చెప్పినవన్నీ పాత గోడకు వేసిన అతుకులు. కాల్‌ను ఇంటర్నెట్ పద్ధతిలో పంపి, చోటు వివరాన్ని ఆ కాల్ లోపలే పెట్టేస్తే డిస్పాచర్ విడిగా అడగాల్సిన పనే ఉండదు. దీన్నే నెక్స్ట్ జనరేషన్ 911 అంటున్నారు. ఒక కౌంటీ సెంటర్ వరదలో మునిగితే కాల్స్‌ను పక్క కౌంటీకి తిప్పొచ్చు, అడ్రస్ వాటితోనే వెళ్తుంది. టెక్స్ట్, ఫోటో, వీడియో కూడా అదే దారిలో రావొచ్చు. ఇప్పుడు 911కి టెక్స్ట్ చాలాచోట్ల పని చేస్తుంది. చెవులు వినపడనివాళ్లకు, ఇంట్లోనే హింస జరుగుతుంటే నోరు తెరవలేనివాళ్లకు అది ప్రాణాధారం. అయితే అది అన్ని సెంటర్లలోనూ లేదు. లేనిచోట "దయచేసి కాల్ చేయండి" అని తిరుగు మెసేజ్ రావాలన్నది 2013 నుంచి ఉన్న నిబంధన.

ఈ కొత్త పద్ధతి మీద ప్రమాణాలు రాసి చాలా ఏళ్లయింది. కొన్ని రాష్ట్రాలు డబ్బు పెట్టి కొత్త నెట్‌వర్క్‌లు కట్టుకున్నాయి కూడా. కట్టుకుని కూర్చున్నాక తెలిసిందేంటంటే, టెలిఫోన్ కంపెనీలు ఇంకా పాత పద్ధతిలోనే కాల్స్ తెచ్చి పాత స్విచ్ దగ్గర వదిలేస్తున్నాయి. మధ్యలో పాత కాల్‌ను కొత్త రూపంలోకి మార్చే పెట్టె ఒకటి కావాలి, దాని ఖర్చెవరిది? కొత్త నెట్‌వర్క్ గుమ్మం దాకా కాల్‌ను తెచ్చే ఖర్చెవరిది? కంపెనీలు మీదే అన్నాయి, రాష్ట్రాలు మీదే అన్నాయి. దానికితోడు పాతదీ కొత్తదీ రెండూ నడుపుతూ రాష్ట్రాలు రెండు ఖర్చులు మోశాయి. అలా ఏళ్లు గడిచాయి.

ఎఫ్‌సీసీ 2024 జులైలో ఆమోదించిన నిబంధన ఈ తగాదాకి గీత గీసింది. మన ఇళ్లలో మీటర్ దాకా కరెంటు తేవడం డిపార్ట్‌మెంట్ బాధ్యత, మీటర్ దాటాక వైరింగ్ ఇంటివాళ్లది, అచ్చం అలాగే. కాల్స్ ఎక్కడ అందుకుంటామో ఆ చోటును ఆ రాష్ట్రంలోనో ఆ ప్రాంతంలోనో 911 సేవను చూసుకునే ప్రభుత్వ సంస్థ, అంటే 911 అథారిటీ, నిర్ణయిస్తుంది. అక్కడి దాకా కొత్త రూపంలో కాల్‌ను తేవడం, ఆ ఖర్చు భరించడం ఫోన్ కంపెనీ పని. అక్కడి నుంచి సెంటర్ దాకా అథారిటీ పని. ఇరువైపులా ఇష్టపడి వేరేలా ఒప్పందం చేసుకుంటే అదీ సరే.

ఇంకో తెలివైన ముక్క గడువుల్లో ఉంది. దేశమంతా ఫలానా తేదీకి మారిపోవాలని ఎఫ్‌సీసీ ఎక్కడా చెప్పలేదు, చెప్పడానికి వీలూ లేదు. దాని అధికారం టెలికాం కంపెనీల మీద, కౌంటీల మీద కాదు. అందుకని గడియారాన్ని తిప్పే తాళం చెవిని స్థానిక అథారిటీ చేతికిచ్చింది. మేం సిద్ధంగా ఉన్నాం అని అథారిటీ రాతపూర్వకంగా అడిగిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. పెద్ద కంపెనీలకు ఆరు నెలలు, పల్లె ప్రాంతాల టెలిఫోన్ కంపెనీలకూ చిన్న మొబైల్ కంపెనీలకూ ఏడాది. మొదటి దశలో కాల్ ఇంటర్నెట్ రూపంలో వస్తే చాలు. రెండో దశ కోసం మళ్లీ అడిగాక, చోటు వివరం కాల్ లోపలే ఉండి రావాలి. సిద్ధం కాని కౌంటీ మీద ఒత్తిడి ఉండదు, సిద్ధమైన కౌంటీని కంపెనీ తిప్పించుకోలేదు.

పల్లె ప్రాంతాల చిన్న కంపెనీల గోడులో న్యాయం లేకపోలేదు. కొన్ని వందల కనెక్షన్లున్న కంపెనీ ఎక్కడో రాష్ట్రం అవతలి మూలనున్న చోటికి లైను వేయాలంటే భారమే. ఆ మాటకొస్తే ఆ భారం చివరికి ఆ కొద్దిమంది ఖాతాదారుల మీదే పడుతుంది. అయినా నా మటుకు నాకు ఈ గీత సరైన చోటే పడిందనిపిస్తుంది. ఆ ఖర్చును కౌంటీ మీద వేస్తే పేద కౌంటీ అసలు అడగడమే మానేస్తుంది, అప్పుడు ఏ దశా మొదలు కాదు.

నెలకి కొన్ని సెంట్లు

డబ్బు సంగతి ఇక్కడితో తీరలేదు. సెంటర్ల వైపు ఖర్చు ఉంది. దేశమంతా మారడానికి పదేళ్లలో 950 కోట్ల నుంచి 1,270 కోట్ల డాలర్లు కావాలని 2018లో ఫెడరల్ ప్రభుత్వమే లెక్క కట్టింది. ఆ మరుసటి ఏడాది ఇచ్చిన గ్రాంట్లు సుమారు 11 కోట్ల డాలర్లు. మిగతాది ఎక్కడి నుంచి వస్తుంది? మన ఫోన్ బిల్లులోంచే. టెక్సస్‌లో మొబైల్ లైనుకు నెలకి 50 సెంట్లు, న్యూజెర్సీలో 90 సెంట్లు 911 ఫీజు వేస్తారు. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు.

పట్టించుకోవాలి. న్యూజెర్సీ ప్రభుత్వం ఏళ్ల తరబడి ఆ డబ్బులో పెద్ద భాగాన్ని ఇతర ఖర్చులకు మళ్లించిందని ఎఫ్‌సీసీ తన వార్షిక నివేదికల్లో మళ్లీ మళ్లీ పేరు పెట్టి చెప్పింది. న్యూయార్క్ పేరూ అలాగే వచ్చింది. ఎడిసన్‌లో, జెర్సీ సిటీలో వేలాది తెలుగు కుటుంబాలు ప్రతి నెలా, ప్రతి లైనుకీ కట్టిన సొమ్ములో అది కూడా ఉంది. అలా మళ్లించడాన్ని అడ్డుకోవడానికి కాంగ్రెస్ 2020 చివర్లో చట్టం చేసింది, 2021లో నిబంధనలొచ్చాయి. అయితే ఒక రాష్ట్ర బడ్జెట్‌ను ఎఫ్‌సీసీ నేరుగా మార్చలేదు. దాన్ని అడగాల్సింది అక్కడ ఓటున్నవాళ్లు.

కొత్త దారికి కొత్త గోతులు

కొత్త పద్ధతి అన్నిటికీ మందు అనుకుంటే పొరపాటు. పాత వ్యవస్థలో ఒక స్విచ్ పాడైతే ఒక ప్రాంతం చీకట్లో పడేది. ఇంటర్నెట్ పద్ధతిలో పనంతా కొన్ని పెద్ద కేంద్రాల్లోకి చేరుతుంది. అక్కడ చిన్న తప్పు జరిగినా దెబ్బ రాష్ట్రాలు దాటుతుంది.

2014 ఏప్రిల్‌లో ఒక రాత్రి ఏడు రాష్ట్రాల్లో 911 ఆరు గంటల దాకా పడిపోయింది. వాషింగ్టన్ రాష్ట్రమైతే మొత్తంగా. కోటీ పది లక్షల మంది ఉండే ప్రాంతం. 6,600కు పైగా కాల్స్ చేరలేదు. తుపాను కాదు, వైరు తెగలేదు. కొలరాడోలోని ఎంగిల్‌వుడ్‌లో కాల్స్‌ను పంచే సాఫ్ట్‌వేర్ ప్రతి కాల్‌కీ ఒక వరుస సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్యకు ఎవరో ఎప్పుడో ఒక గరిష్ఠ పరిమితి పెట్టారు. లెక్క అక్కడికి చేరగానే కొత్త కాల్స్‌కి సంఖ్య ఇవ్వడం ఆపేసింది. మిషన్లు బాగానే వెలుగుతున్నాయి, కాబట్టి పెద్ద ప్రమాదమని ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. సిద్ధంగా ఉన్న రెండో కేంద్రానికి కాల్స్ వాటంతట అవి మారలేదు. తర్వాత దీనికి బాధ్యులైన కంపెనీల మీద కోట్ల డాలర్ల జరిమానాలు పడ్డాయి. 2024 జూన్‌లో మసాచుసెట్స్ రాష్ట్రమంతా దాదాపు రెండు గంటలు 911 ఆగింది, అప్పుడు కారణం ఒక ఫైర్‌వాల్. రక్షణ కోసం పెట్టిన గోడే కాల్స్‌ను ఆపింది.

911 నెట్‌వర్క్ నడిపేవాళ్లు ఏటా లైన్లను, బ్యాకప్ కరెంటును తనిఖీ చేసుకుని ధ్రువీకరించాలన్న నియమం 2013లో వచ్చింది. అంతకు ముందు ఏడాది జూన్‌లో వచ్చిన పెనుగాలులకు వర్జీనియా చుట్టుపక్కల 77 సెంటర్లు దెబ్బతిన్నాక పెట్టిన నియమం అది. పాత నెట్‌వర్క్‌ను ఊహించుకుని రాసింది. కొత్త నెట్‌వర్క్‌లో ఏ మలుపు దగ్గర ఎవరు జవాబుదారీయో అందులో సరిగ్గా లేదు. దాన్ని తిరగరాయడానికి, ఒక రాష్ట్రపు కొత్త నెట్‌వర్క్ నుంచి ఇంకో రాష్ట్రానికి కాల్ అడ్రస్‌తో సహా మారేలా చూడటానికి ఎఫ్‌సీసీ 2025 మార్చిలో ప్రతిపాదనలు పెట్టింది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. దారి ఒకటైనప్పుడు ఆ ఒక్క దారికి కాపలా రెండింతలు ఉండాలి.

మన 112 సంగతి

ఇదే చిక్కు ఇండియాలో వేరే రూపంలో ఉంది. 2012 డిసెంబర్ ఢిల్లీ దారుణం తర్వాత ఒకే అత్యవసర నంబర్ ఆలోచన ఊపందుకుంది. 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 112ను సిఫారసు చేసింది. 2016 ఏప్రిల్‌లో కేంద్రం ఫోన్ల మీద నిబంధన పెట్టింది: 2017 జనవరి నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లో ప్యానిక్ బటన్ ఉండాలి. మామూలు బటన్ ఫోన్లలో 5 కానీ 9 కానీ కాసేపు నొక్కిపట్టాలి, స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్‌ను మూడుసార్లు గబగబా నొక్కాలి. 2018 జనవరి నుంచి జీపీఎస్ కూడా తప్పనిసరి. నిర్భయ నిధితో కట్టిన 112 వ్యవస్థ 2018 నవంబర్‌లో హిమాచల్ ప్రదేశ్‌లో మొదలై, 2019 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా మరో 16 రాష్ట్రాలకూ కేంద్రపాలిత ప్రాంతాలకూ వచ్చింది.

ఇక్కడ కాల్ రాష్ట్ర స్థాయి కంట్రోల్ రూమ్‌కే వెళ్తుంది కాబట్టి జార్జియాలో జరిగినట్టు పక్క జిల్లాలో చిక్కుకునే ప్రమాదం తక్కువ. ఈ విషయంలో మనం నయం. కానీ పోలీసు శాఖ, ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పరిధిలోవి. ఫోన్ కంపెనీ బటన్ పెట్టి తీరాలని కేంద్రం నిబంధన రాయగలదు. బటన్ నొక్కాక కదిలే బండిలో డీజిల్ ఉందా, డ్యూటీలో మనిషి ఉన్నాడా అన్నది రాష్ట్రం చూసుకోవాలి. ఎఫ్‌సీసీకి కౌంటీల మీద అధికారం లేకపోవడం లాంటిదే ఇదీ. బస్సులు, ట్యాక్సీల్లో ట్రాకింగ్ పరికరం, ప్యానిక్ బటన్ తప్పనిసరి చేసినప్పుడు ఈ తేడా బాగా బయటపడింది. 2019 జనవరి నుంచి కొత్త బండ్లలో బటన్లు వచ్చాయి. ఆ సిగ్నల్‌ను అందుకోవాల్సిన కంట్రోల్ సెంటర్లను పెట్టడంలో చాలా రాష్ట్రాలు ఏళ్ల తరబడి వెనకబడ్డాయి. బండి యజమాని డబ్బు పెట్టి బిగించిన బటన్, అవతల వినేవాళ్లు లేకుండా ఉండిపోయింది.

మన దగ్గరే దీనికి భిన్నమైన నమూనా ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు ఫోన్ ఎత్తేదీ, అంబులెన్స్ నడిపేదీ ఒకే సంస్థ. కాల్ ఎత్తినవాళ్లు "మేం అటు పంపాం, వాళ్లు రాలేదు" అని చేతులు దులుపుకోడానికి వీల్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల దాకా వెళ్లి, తర్వాత ఎన్నో రాష్ట్రాలు దాన్నే తీసుకోవడానికి ఆ ఏర్పాటు ఒక పెద్ద కారణమని నా నమ్మకం. 112 కింద అన్ని సేవలనూ కలిపినప్పుడు కాల్ ఒక శాఖ చేతి నుంచి ఇంకో శాఖ చేతికి మారే ఆ క్షణం మళ్లీ వచ్చి చేరింది. కాల్ అందిన సమయం, బండి కదిలిన సమయం, చేరిన సమయం, ఈ మూడూ కంట్రోల్ రూమ్ కంప్యూటర్లలో నమోదవుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఆ మూడు అంకెలను జిల్లాలవారీగా ప్రతి నెలా బయటపెట్టాలని నిబంధన రాస్తే కొత్త యాప్ అక్కర్లేదు, కొత్త బటన్ అక్కర్లేదు, కేంద్రం అనుమతి కూడా అక్కర్లేదు.